శంఖం చుట్టూ ఖాళీ

పానకాలు మగ్గం గుంటలోకి దిగక అది మూడోరోజు.

మంగళగిరి పడమటి వీధిలో ఒక్క మగ్గం చప్పుడు ఆగినా పక్కింటివాళ్ళకి తోచదు. మొదటిరోజు "ఒంట్లో బాగాలేదా బాబాయ్?" అని అడిగారు. రెండోరోజు అడగడం మాని గుసగుసలాడుకున్నారు. మూడోరోజుకి వీధి మొత్తానికి సంగతి తెలిసిపోయింది. కూతురు వెంకటేశ్వరమ్మ గీసిన లేబులు గుంటూరు కొట్టు నుంచి తిరిగొచ్చింది, చేనేత సంఘంలో తండ్రి తల దించుకోవలసి వచ్చింది, అందుకని పానకాలు అలిగాడు. వీధికి ఒకసారి తెలిసిందంటే ఇక అందులో తప్పుండదు కదా!

లేబుళ్ళ కట్ట అరుగు మీదే ఉంది. లోపల పెట్టడానికి ఎవరికీ మనసు రాలేదు, పారేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. దాని పక్కనే పానకాలు మోకాళ్ళు కౌగిలించుకుని ఎదురింటి సున్నపు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"అన్నం చల్లారిపోతోంది," అంది పున్నమ్మ గుమ్మంలోంచి. ఆమె కుడిచేతి చూపుడువేలికి గోరుచుట్టు లేచింది. నాలుగు రోజులుగా వేలికి నిమ్మకాయ తొడుక్కునే తిరుగుతోంది.

పానకాలు గోడ మీంచి చూపు తిప్పలేదు.

"నిన్నేనయ్యా."

"వినబడింది."

"వినబడితే లేవొచ్చుగా?"



లోపల వెంకటేశ్వరమ్మ చరఖా తిప్పుతూ నూలు కండెలు చుడుతోంది. మగ్గమే ఆడనప్పుడు కండెలెందుకని ఎవరూ అడగలేదు, ఆ పిల్లా ఆపలేదు. బుట్ట నిండిపోయి కండెలు నేలమీదికి దొర్లుతున్నాయి. పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఎనిమిదో తరగతి దాకా చదివింది. చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోవడం పుట్టి ఎరగదు. చివరికి చరఖా వదిలేసి అరుగు మీదికొచ్చింది.

"నాన్నా, ఇంకొక్కసారి గీస్తాను."

"ఏం గీస్తావు?"

"లేబులు."

"ఆ గుంటూరాయన ఏం రాశాడో విన్నావా?"

వినకేం? సంఘం ప్రెసిడెంటు శ్రీమన్నారాయణ ఆ ఉత్తరాన్ని పదిమందిలో నిలబడి చదివితే, గంటలో ప్రతి ముక్కా ఇల్లిల్లూ తిరిగింది. 'మీరు చీరల మీద అంటించి పంపినది లేబులని మాకు తెలియలేదు. కొంగు ముక్కేదో మిగిలితే అతికించారనుకున్నాము. అందులో మీ మార్కా పేరు ఎక్కడుందో మా గుమాస్తా భూతద్దం పెట్టి వెతికాడు.' రాసినాయన ఎవరో గాని, మాటల్లో కారం బాగా దట్టించాడు. గుంటూరు నీళ్ళు మరి.

"విన్నాను. అందుకే మళ్ళీ గీస్తానంటున్నా."

"వద్దు. ఎల్లుండి శ్రీమన్నారాయణ బావ వస్తాడు. బొమ్మ బెజవాడ పెయింటరుకి ఇచ్చుకోమని చెబుతా. నువ్వు ఇక పెన్సిలు ముట్టుకోవద్దు."

"ఇకంటే, ఎన్నాళ్ళు?"

"ఎప్పటికీ."

పున్నమ్మ గడప దాటి వచ్చింది. "ఎప్పటికీ ఏమిటయ్యా? మూడు నెలలుగా టీచరమ్మ దగ్గర కూర్చుని నేర్చుకుంటోంది. మొదటి చీర పాడుచేశావని మీ నాన్న నిన్ను మగ్గం మీంచి దించేశాడా?"

"బాగుందని చెప్పింది ఎవరు?" పానకాలు గొంతు ఒక్కసారి పెరిగింది. "తెచ్చి నా చేతిలో పెడితే, పదిమందిలో బాగుందన్నది నేను. నా మాట మీద అచ్చుకిచ్చారు. పోయింది దాని బొమ్మ కాదు, నా మాట!"

ఇంకొకప్పుడైతే పున్నమ్మ నాలుగు అంటించేది. ఈసారి ఎందుకో నిమ్మకాయ వేలిని కొంగులో దాచుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

వెంకటేశ్వరమ్మకి అది వింతగా తోచింది. వాళ్ళ అమ్మా నాన్నల అన్యోన్యం వీధంతా చెప్పుకునేదే. ఉగాది నుంచి మరీను. ఆయన మగ్గంలో కూర్చుంటే ఆవిడ పక్కనే పీట వేసుకుని పొద్దుగూకే దాకా కదలదు. "ఈ వయసులో ఈ ముచ్చటేమిటమ్మా!" అని ఆడవాళ్ళు మేలమాడితే నవ్వి ఊరుకుంటుంది. అట్లాంటి మనిషి ఇప్పుడు మాటకి మాట చెప్పకుండా వెళ్ళిపోయింది.

కాసేపటికి లోపల్నుంచి కేక వినబడింది. "అమ్మాయ్! టీచరమ్మ రవిక గుడ్డ అడిగింది. ఇచ్చి రా, పో."

ఏ టీచరమ్మా ఏ రవిక గుడ్డా అడగలేదు.

* * *

ఎలీసమ్మ టీచరు మిషన్ స్కూల్లో డ్రాయింగూ కుట్లూ చెబుతుంది. ఆవిడ భర్త బతికున్న రోజుల్లో అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు. అక్షరాల సంగతులన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది. చర్చికి పండగ బోర్డులూ, మలేరియా వాళ్ళకి దోమ పోస్టర్లూ ఇప్పుడు ఆవిడే రాస్తోంది. సగం పూర్తయిన దోమ ఒకటి దూడంత సైజులో వరండా గోడకి ఆనించి ఉంది.

"తిరిగొచ్చిందటగా?" అంది టీచరు, పిల్ల చెప్పులు విడవక ముందే.

"మీకెవరు చెప్పారండీ?"

"పాలమనిషి. ఏదీ, చూడనీ. అచ్చయ్యాక నాకు చూపించనే లేదు నువ్వు."

వెంకటేశ్వరమ్మ కొంగు ముడిలోంచి లేబులు తీసింది. రెండు అరచేతులంత కాగితం. మధ్యన శంఖం. శంఖం చుట్టూ గోపురం అంచు, దాని చుట్టూ రుద్రాక్షల అంచు, నాలుగు మూలలా నాలుగు నెమళ్ళు, నెమళ్ళ మధ్య మామిడి పిందెలు. వీటన్నిటి నడుమా, గళ్ళు లెక్కపెట్టి మెట్లు మెట్లుగా అల్లిన 'శంఖం మార్కా'. అంతా ఒకటే ఎరుపు. జొన్నగింజ పట్టేంత చోటు కూడా మిగల్లేదు.

టీచరు దాన్ని తీసుకెళ్ళి గేటు మీద అంటించి వచ్చింది. పిల్లని పది అడుగుల అవతల నిలబెట్టింది.

"ఏం కనబడుతోంది?"

"శంఖమండీ, చుట్టూ..."

"నీకు తెలిసింది చెప్పమనలేదమ్మా, కనబడేది చెప్పు. కళ్ళు సగం మూసి చూడు."

వెంకటేశ్వరమ్మ కళ్ళు చికిలించింది. శంఖం పోయింది. నెమళ్ళు పోయాయి. ఆరు రోజులు కూర్చుని గీసిన రుద్రాక్షలన్నీ కలిసిపోయాయి.

"ఎర్ర చాప ముక్క," అంది మెల్లగా.

"ఇప్పుడు ఇటు తిరిగి దోమని చూడు. అట్లాగే, సగం కళ్ళతో."

"దోమే ఉందండీ! అక్షరాలు పోయాయి గాని, దోమ పోలేదు."

"కొట్టు ముందు నుంచి పోయేవాళ్ళు చూసే చూపు అంతేనమ్మా. ముందు ఒక్కటి కనబడాలి. అది చూసి ఆగితే రెండోది. దగ్గరికొచ్చినవాళ్ళకి మిగతావి. నువ్వేమో అందరినీ ఒకేసారి మాట్లాడమన్నావు. ఎవరి మాటా వినబడలేదు. అయినా, ఇంత ఎందుకు నింపావు?"

"ఖాళీ ఉంటే పోగు తప్పినట్టుంటుందండీ. మా ఇంట్లో పోగు తప్పితే చీర వెనక్కొస్తుంది."

టీచరు నవ్వేసింది. "పోగు తప్పకుండానే వెనక్కొచ్చిందిగా!"

పిల్లకి నవ్వు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎల్లుండి బొమ్మ బెజవాడ పెయింటరుకి ఇచ్చుకోమంటాడట, ఇంక పెన్సిలు ముట్టుకోవద్దన్నాడు మా నాన్న. కొత్తది చేసినా చూస్తాడో లేదో!"

టీచరు నవ్వు ఆపేసి లోపలికి వెళ్ళి ఎర్ర గ్లేజు కాగితం, కత్తెర తెచ్చింది.

"అయితే పెన్సిలు ముట్టుకోకు. కత్తిరించు. శంఖం ఒకటి, అక్షరాలు వేరే వేరే. తెల్ల కాగితం మీద పెట్టి జరుపు. శంఖం మధ్యలోనే ఉండాలని ఎవరన్నారు? పక్కకి జరిపితే ఏమవుతుంది? పెద్దది చేస్తే? అక్షరం లావు చేస్తే? అంటించే ముందు వందసార్లు జరుపు. ఇంకో సంగతి. అక్షరాల మధ్య ఎడం స్కేలు పెట్టి కొలవకు."

"మరి?"

"మా ఆయన చెప్పేవాడు. రెండు అక్షరాల మధ్య నూకలు పోశామనుకో. ప్రతి సందులోనూ ఒకటే పాటి నూకలు పట్టాలి. అప్పుడే కంటికి సమంగా ఉంటుంది."

వెంకటేశ్వరమ్మకి ఏడుపు ఎటు పోయిందో పోయింది. నూకలా? అక్షరాల మధ్యనా?

గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చింది. "ఖాళీ వదిలితే పని ఎగ్గొట్టాననుకోరా అండీ సంఘం వాళ్ళు?"

"అది నేను చెబితే నీకు ఆనదు. ఖాళీతో ఏం పనో నువ్వే కనిపెట్టు," అని టీచరు దోమ కాళ్ళకి రంగు వేయడం మొదలెట్టింది.

* * *

శుక్రవారం పొద్దున పెరటి వసారాలో, 1958 క్యాలెండరు బొమ్మ వెనకవైపు, శంఖం ఊరంతా తిరిగింది. మధ్యనుంచి ఎడమకి వచ్చింది. పైకి పోయింది. చిన్నదయితే గవ్వలా ఉంది. పెద్దదయితే గుమ్మడికాయలా ఉంది. ఐదో శంఖం ఎడమవైపు, కొంచెం కిందికి పెట్టినప్పుడు, ఎందుకో తెలీదు గాని, అది కుదురుగా కూర్చుంది.

అక్షరాలు మాత్రం కుదరలేదు. మొండితనం కొద్దీ ముందు స్కేలుతోనే కొలిచింది. అన్ని సందులూ సమానం. కాని దూరంగా జరిగి చూస్తే కొన్ని అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, కొన్ని మాట్లాడుకోనట్టు ఎడంగా ఉన్నాయి. కొలత సరిగ్గానే ఉంది, కన్ను ఒప్పుకోవడం లేదు. ఇదేం విచిత్రం!

వంటింట్లోకి వెళ్ళి గుప్పెడు నూకలు తెచ్చి సందుల్లో పోసింది. గుండ్రని అక్షరాల పక్కన కింద, మీద నూకలు ఎక్కువ పట్టాయి. నిటారుగా ఉన్నచోట తక్కువ పట్టాయి. ఒక అక్షరం ఇటు జరిపింది, ఇంకోటి అటు జరిపింది. మళ్ళీ పోసింది. మళ్ళీ జరిపింది. నూకలు ఊదేసి లేచి నిలబడి చూస్తే, 'శంఖం మార్కా' అని ఒక్క గుక్కలో చదివించుకుంది.

ఆ పిల్ల ఆనందం ఏం చెప్పేది! వసారాలో ఒక్కతే చప్పట్లు కొట్టుకుంది.

కొట్టుకున్నాక మళ్ళీ పాత రోగమే. ఇంత తెల్లకాగితం ఊరికే పోతోందే! ఒక్క నెమలి పెడితే? నెమలి పెట్టింది. ఒకవైపే ఎందుకని రెండోది పెట్టింది. కింద బోసిగా ఉందని మామిడి పిందెలు కత్తిరిస్తోంది.

"అమ్మాయ్, ఇట్రా. చీర మడత పెట్టాలి," అని పిలిచింది పున్నమ్మ. "ఈ నిమ్మకాయతో నాకు పట్టు దొరకడం లేదు. నూకలన్నీ ఇట్లా పారబోశావేమే?"

మగ్గం ఆగకముందు కోసిన ఆఖరి చీర అది. తల్లి ఒక చివర, కూతురు ఒక చివర పట్టుకుని గది ఈ మూల నుంచి ఆ మూలకి సాచారు. గచ్చకాయ రంగు నేత. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క పువ్వు లేదు, ఒక్క చుక్క లేదు. పైనా కిందా సన్నటి జరీ అంచు.

అలవాటయిపోయి వెంకటేశ్వరమ్మ కళ్ళు సగం మూసింది. గది పోయింది, తల్లి పోయింది. జరీ అంచు మాత్రం అట్లాగే నిలబడింది.

"అమ్మా, మన చీరల్లో మధ్యన పువ్వులెందుకు వేయం?"

"ఎందుకేస్తామే? మంగళగిరి చీరంటేనే మధ్యంతా సాదా. సాదాగా ఉంటేనే గదా అంచు కనబడేది," అంది పున్నమ్మ, ఇది కూడా తెలీదా అన్నట్టు. "సరిగా పట్టుకో, జారుతోంది."

జారింది కూడా. వెంకటేశ్వరమ్మ చీర చివర వదిలేసి వసారాలోకి పరిగెత్తింది. పుట్టిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో నేసింది ఖాళీయే. తాను కట్టుకు తిరిగిందీ ఖాళీయే. పోగులన్నీ ఉన్న ఖాళీ! అది తప్పిపోయిన చోటు కాదు, అంచు కోసం నేసిన చోటు.

నెమళ్ళని ఏరేసింది. పిందెల్ని ఏరేసింది. పైనా కిందా రెండు సన్నటి గీతలు అంచులా అంటించి, శంఖం చుట్టూ ఉన్న తెలుపుని అట్లాగే వదిలేసింది. చేతులు ఊరుకోమంటే ఊరుకోవడం లేదు. వాటి మీద కూర్చుంది.

* * *

శనివారం పొద్దున, తండ్రి అరుగు మీదికి రాకముందే, వెంకటేశ్వరమ్మ అచ్చంగా లేబులు కొలతకి కత్తిరించిన ఆ కాగితాన్ని ఎదురింటి గోడకి గంజితో అంటించింది. ఆ వీధి ఎంత ఇరుకంటే, ఈ అరుగు మీద తుమ్మితే ఆ అరుగు వాళ్ళు చిరంజీవ అంటారు.

పానకాలు వచ్చి కూర్చున్నాడు. మోకాళ్ళు కౌగిలించుకున్నాడు. గోడకేసి చూశాడు.

తలుపు చాటు నుంచి ఆ పిల్ల తొంగి చూసింది.

"ఎవరే అక్కడ శంఖం పెట్టింది?" అన్నాడు పానకాలు.

ఐదు రోజుల్లో ఎవరూ అడక్కుండా ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. ముందుకి వంగాడు. పెదాలు కదిలాయి. "శంఖం... మార్కా." ఆయన ముఖం విప్పారింది. "ఓసి నీ... కనబడుతోందే! ఇక్కడికే కనబడుతోందే!"

"బాగుందా నాన్నా?"

"కనబడుతోందంటుంటే!" అని నవ్వాడు. ఎన్నాళ్ళయిందో ఆయన అట్లా నవ్వి!

ఆ పిల్ల అక్కడితో ఆగితే బాగుండేది. కాని కొత్తగా నేర్చుకున్నవాళ్ళకి అన్నీ పరీక్షించి చూడాలని ఉబలాటం. పాత లేబులు పక్కన పెడితే తేడా తెలుస్తుంది కదా అని కట్టలోంచి ఒకటి లాగి, పరిగెత్తుకెళ్ళి గోడకి అంటించి, అక్కడి నుంచే అరిచింది. "మరి ఇది నాన్నా?"

"అదీ బాగానే ఉందిలే. పనితనం తెలుస్తోంది," అన్నాడు పానకాలు.

వెంకటేశ్వరమ్మ గోడవైపు తిరిగింది. తొందరలో తలకిందులుగా అంటించింది. శంఖం తలకిందులుగా ఉంది. నెమళ్ళు కాళ్ళు పైకెత్తి ఉన్నాయి.

దాన్ని ఊడదీసి తెచ్చి, తండ్రి ముఖానికి జానెడు దూరంలో, తలకిందులుగానే పట్టుకుంది. "ఇప్పుడు?"

"బాగుందన్నా గదే."

సరిచేసి పట్టుకుంది. ఆయన చూపులో ఏ మార్పూ లేదు. నెల కిందట చేతిలో పెట్టినప్పుడూ ఇట్లాగే చూశాడు. ఇదే మాట అన్నాడు. ఇదే గొంతుతో.

పున్నమ్మ వచ్చి కూతురి జబ్బ పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

"అరవకు. మీ నాన్నకి రెండు కళ్ళలోనూ పొరలొచ్చాయి. పెద్దవి, లావువి కనబడతాయి గాని సన్నవి కనబడవు. చేతి వాటం కొద్దీ నేస్తున్నాడు. తెగిన పోగు కనబడక ఉగాది నుంచి పక్కన కూర్చుని నేనే అతుకుతున్నాను. ఈ పాడు వేలు లేచింది, పోగు పట్టుకోలేకపోతున్నాను. అందుకే మగ్గం ఆగింది."

"నా మీద కోపం కాదా?"

"నీ మీద కోపమేమిటే పిచ్చిమొహమా!"

"నాకెందుకు చెప్పలేదు? నేను అతికేదాన్నిగా!"

"ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. సంఘంలో తెలిస్తే జరీ పని ఇవ్వరు. ఆపరేషనంటే ఆమడ దూరం పారిపోతాడు."

అంతలో వీధిలోంచి శ్రీమన్నారాయణ గొంతు ఖంగున వినబడింది. "బావా! నాలుగు గుమ్మాల అవతల్నుంచే కనబడిందయ్యా శంఖం! ఎవరు గీశారు? అమ్మాయేనా? బెజవాడ పెయింటరెందుకు ఇంక మనకి?"

తల్లీకూతుళ్ళు బయటికొచ్చేసరికి ఆయన గోడ ముందు నిలబడి మెడ అటూ ఇటూ తిప్పి మురిసిపోతున్నాడు. పానకాలు అరుగు దిగి పక్కన నిలబడ్డాడు. వెంకటేశ్వరమ్మ కోరుకున్నదంతా ఆ ఒక్క మాటలో వచ్చేసింది. ఇంక పెన్సిలు ఎవరు లాక్కుంటారు?

శ్రీమన్నారాయణ అరుగు మీది కట్టలోంచి ఒక లేబులు తీశాడు. రెంటినీ మార్చి మార్చి చూశాడు.

"అది సరే గాని బావా, ఇది బాగుందని ఎట్లా అన్నావయ్యా ఆ రోజు? ముప్ఫై ఏళ్ళ నేతగాడివి, నీ కంటికి తిరుగుండదని నీ చేతిలో పెట్టాం. అసలు చూసే అన్నావా?"

మామూలుగానే అడిగాడు పాపం. పానకాలు ముఖంలో నెత్తురు లేదు. పున్నమ్మ నిమ్మకాయ వేలు కొంగులోకి పోయింది.

"నాన్న చూసింది ఇది కాదండీ," అంది వెంకటేశ్వరమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "ఆయన బాగుందన్నది వేరేది. ప్రెస్సుకిచ్చే ముందు, ఇంట్లో తెలీకుండా నేనే మార్చాను."

"మార్చావా?" శ్రీమన్నారాయణ నవ్వు మాయమైంది. "పదిమంది ఒప్పుకున్నదాన్ని మార్చావా?"

"అవునండీ."

"అయితే దీన్ని మాత్రం మార్చవని ఏమిటి నమ్మకం?" ఆయన గోడ మీది కొత్త కాగితం కేసి ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. "బొమ్మ బంగారంలా ఉంది. కాని సంఘం పని ఇట్లాంటి వాళ్ళ చేతికివ్వలేం. బెజవాడకే పంపుదాం బావా. వస్తా."

వెంకటేశ్వరమ్మ తల వంచుకుంది. మూడు నెలలు నేర్చుకున్నదీ, నూకలూ, శంఖమూ, అన్నీ ఆయన చెప్పుల చప్పుడుతో పాటు వెళ్ళిపోతున్నాయి. అయినా ఏడవలేదు.

"ఆగు బావా," అన్నాడు పానకాలు. "అది అబద్ధం చెబుతోంది."

"ఏమయ్యా!" పున్నమ్మ గడప దాటింది.

పానకాలు ఆమెవైపు తిరగలేదు. శ్రీమన్నారాయణ చేతిలో ఉన్న పాత లేబులు ముందుకి తన చూపుడువేలు చాచాడు.

"ఇందులో శంఖం ఎక్కడుందో, నా వేలు పట్టుకుని చూపించు."

శ్రీమన్నారాయణ నవ్వబోయాడు. ఆ వేలు గాల్లో అట్లాగే ఆగి ఉండటం చూసి, నవ్వలేకపోయాడు.